బ్రేకు మీద రెండు వేళ్ళు

నవంబరు 2, ఆదివారం

మహారాజశ్రీ తెల్లకాగితం గారి సముఖానికి అపరాధి చేసుకునే విన్నపం. ఇకమీదట తమరి ఒంటి మీద చెమట, బురద, ప్రగల్భాలు, అక్కడక్కడ చైను నూనె మరకలు పడబోతున్నాయి. అందుకు ముందే క్షమాపణ. కొండ అనేది కంటికి ఆనని దేశంలో పుట్టి కొండలెక్కే సైకిలు కొన్నందుకు క్షమాపణ. బీయస్సీ ఫిజిక్సు చదివి, ట్యుటోరియల్లో పిల్లలకి 'ఏటవాలు తలం మీద ఘర్షణ' పాఠం చెబుతూ, ఆ ఘర్షణని సొంత భుజంతో పరీక్షించి చూసుకున్నందుకు క్షమాపణ. వీటిలో ఒక్కటీ మనస్ఫూర్తిగా చెప్పడం లేదు. అందుకు మాత్రం క్షమాపణ లేదు.

ఇక విషయం. సైకిలు విడుదలైంది!

ఆగస్టు వరద తీశాక రేవు ర్యాంపు మీద, ఒండ్రుమట్టిలో జారి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను కదా — ఆ రోజే అమ్మ దాన్ని కొబ్బరికాయల గదిలో పడేసి తాళం వేసింది. ఇవాళ చర్చి అయ్యాక ఎస్తేరక్క వచ్చి బెయిలిచ్చింది.

"పూచీ నాది పిన్నీ."

"నీ పూచీ బానే ఉందే. ఎముకలెవరివి?"

పీఈటీ ఉద్యోగం హైస్కూలు గేటు దగ్గర ఆగిపోతుందని మా పెద్దనాన్న కూతురికి ఎవరైనా చెప్పాలి. చర్చిలో కూడా మెడలో విజిలుతోనే కూర్చుంటుంది. ముప్పైతొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళకి పట్టీలు — అయినా గట్టు మీద నన్ను దాటిపోతుంది.

తాళం తీశారు. సీటు కింది సంచిలో ఎలక సంసారం. వాళ్ళని మర్యాదగా ఖాళీ చేయించాం.

నవంబరు 4

ఏటిగట్టు మీద మొదటి రోజు. కోనసీమలో సైకిలు తొక్కడానికి ఊపిరితిత్తులు కాదు, ఓపిక కావాలి. మోటారు సైకిలు వెళ్ళేవాడెవడూ ఊరుకోడు.

"ఆయ్, బండేమైందండీ?"

"ఏం కాలేదండీ. సరదాగా."

"మొహమాటపడకండి, ఎక్కండి దింపేస్తాను. సైకిలు ఆటోలో ఏయించేద్దాం."

మొత్తం నలుగురు. నలుగురికీ ఆగి, దిగి, నమస్కారం పెట్టి, వద్దని చెప్పాను. కొలిచి చూస్తే తొక్కింది తక్కువ, బతిమాలింది ఎక్కువ. ఇంటికొచ్చేసరికి నాన్నకి ఫోను వచ్చేసింది — "అబ్బాయిగారు సైకిలు మీద కనపడ్డారండి, ఇంట్లో అందరూ బానే ఉన్నారాండీ?"

నవంబరు 8, రెండో శనివారం

ఏజెన్సీ కొండలు. అక్కా నేనూ, జీపు వెనక రెండు సైకిళ్ళు.

వచ్చే నెల ఇదే రెండో శనివారం అక్కడ జంటల పందెం. ఒకరు కొండ ఎక్కాలి. పైన కాచుకుని ఉన్న రెండోవాళ్ళ మణికట్టుకి ఎర్రగుడ్డ కట్టాలి. వాళ్ళు అవతలివైపు వాగు దాకా దిగాలి. ఇద్దరిదీ కలిపి ఒకే గడువు. గడువు దాటితే పేర్ల పక్కన టైము వేయరు, గీత కొడతారు. ఇవాళ ఊరికే చూసి రావడానికి.

చూశాను. కొండ కూడా నన్ను చూసింది.

కోనసీమవాడికి ఎక్కుడు అంటే కాలువ వంతెన. దూరం నుంచే లేచి నిలబడి తొక్కుకొచ్చి, ఆ ఊపు మీద నెత్తికెక్కేసి, అవతల కాళ్ళు చాపుకుని దిగడం. పుట్టి బుద్ధెరిగి ఇదే శాస్త్రం. కొండ కనపడగానే లేచి నిలబడ్డాను. ఊపందుకున్నాను. వంతెనయితే ఈపాటికి అయిపోవాలి... అవలేదు. మలుపు తిరిగాను — ఇంకా ఉంది. దీని నెత్తి ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు. రెండో మలుపులో నేనూ సైకిలూ పక్కపక్కనే పడుకుని ఆకాశాన్ని పరిశీలించాం.

అక్క సీట్లోంచి లేవకుండా, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత తాపీగా తొక్కుకుంటూ నా పక్కనుంచి వెళ్ళింది.

"కాలవ వంతెననుకున్నావేంట్రా అబ్బులూ!"

దిగేటప్పుడు జీపులో వచ్చాను. కళ్ళు తిరుగుతున్నాయన్నాను. తిరగలేదు.

నవంబరు 9, ఆదివారం

చర్చి మెట్ల మీద అక్క తీర్పు.

"ఎక్కడం నాది. దిగడం నీది. బరువుంది నీకు, బండరాయిలా దొర్లుకొచ్చేస్తావు."

కొండ మీద కళ్ళు తిరగలేదని చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోపు ఆవిడే అంది, చెప్పుల పట్టీ సర్దుకుంటూ, నా వైపు చూడకుండా...

"కాలేజీలో ఒకసారి పేరిచ్చేన్రా. పందెం రోజు పొద్దున్నే నాన్న నా సైకిలు గాలి తీసేసేరు. ఆడపిల్ల నిక్కరేసుకుని రోడ్డు మీదా అని. నోటీసుబోర్డులో నా పేరు పక్కన గీత. ఇరవై ఏళ్ళైపోయింది." నవ్వింది. "ఈసారి టైము పడాలి. ఎంతైనా సరే. గీత కాకుండా."

"ఆయ్" అన్నాను. 

నవంబరు 12

ర్యాంపు పైన. బ్రేకు మీద రెండు వేళ్ళు. ఆ వేళ్ళు నావి కావు.

ఎముక అతుక్కుందని ఎక్స్‌రేలో నా కళ్ళతో చూశాను. డాక్టరుగారు చూశారు, అమ్మ చూసింది. వేళ్ళకి మాత్రం ఎవరూ చూపించలేదు కాబోలు. కింద గోదావరి కనపడగానే బిగుసుకుపోతాయి. నడిపించుకుంటూ దిగాను.

జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పంటు నడిపే పేరయ్య గారు అక్కడి నుంచే — "గాలి లేదాండీ?"

"ఆయ్, లేదండీ."

నవంబరు 15

శిక్షణ. కొబ్బరితోటలో చెట్ల మధ్య మెలికలు. నీళ్ళు పారే బోదె మీద అడ్డంగా పడేసిన కొబ్బరి మొద్దు మీంచి అవతలికి. కాయలు ఒలిచిన పీచు డొక్కల రాశి ఎక్కి దిగడం — రాళ్ళు లేని దేశంలో కొబ్బరి డొక్కే బండరాయి.

"తొక్కుతూ మాట్లాడాల్రా. మాట రాలేదంటే ఓపిక్కి మించి తొక్కుతున్నట్టు. పదమూడో ఎక్కం చెప్పు."

పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది దగ్గర ఊపిరి ఆగింది. లెక్కల మాస్టారి కొడుకుని. ఎవరికీ చెప్పకు, కాగితమా.

మొద్దు మీంచి బోదెలో పడ్డాను. లేచి మళ్ళీ ఎక్కి, మళ్ళీ పడ్డాను. చిత్రం ఏమిటంటే బోదెలో పడ్డానికి భయం వేయదు. భయం కూడా చోటు చూసుకుని కూర్చుంటుంది, పెళ్ళి భోజనాల్లో చుట్టాల్లాగా.

నవంబరు 16

పూతరేకులు మానేశాను.

నవంబరు 16, సాయంత్రం

మళ్ళీ మొదలుపెట్టాను.

నవంబరు 20

బ్రేకు కీచుమంటోందని కొత్తపేటలో సత్యం గారి షాపుకి తీసుకెళ్ళాను. ఆయన వెనక చక్రం విప్పి, బ్రేకు ప్యాడ్లు అరచేతిలో వేసుకుని, పోయినవాళ్ళ ఫోటో చూసినట్టు చూశారు.

"అరిగిపోయేయండి."

"ఆయ్."

"మొన్న మీ అక్కగారొచ్చి దీనికి కొత్తవి ఏయించుకెళ్ళేరు కదండీ?"

"ఆయ్."

"నేను షాపు పెట్టిన కాణ్ణుంచీ చూస్తన్నానండీ. మన కోనసీమలో టైర్లరుగుతాయి, చైన్లరుగుతాయి, సీట్లరుగుతాయి. బ్రేకులరగడం ఇదే చూట్టం. ఎక్కణ్ణించి దిగుతన్నారండీ తమరు?"

"గట్టు మీంచండీ."

షాపంతా నవ్వింది. పంక్చరు వేయించుకోడానికొచ్చిన పెద్దాయన కూడా. నేనూ నవ్వాను.

తమరికి మాత్రం నిజం చెప్పాలి. బల్లపరుపు రోడ్డు మీద కూడా వేళ్ళు నొక్కే ఉంటున్నాయి. ఇన్నాళ్ళూ బ్రేకు పట్టుకునే తొక్కుతున్నాను. ముప్పై తొమ్మిది దగ్గర ఊపిరి ఆగిందంటే ఆగదూ మరి!

నవంబరు 21

మా ఊళ్ళో సంగతి దాచుకోవాలంటే సైకిలు షాపులో విప్పకూడదు. సాయంత్రానికి ఆ ప్యాడ్లు అక్క అరచేతిలో ఉన్నాయి.

"ఏంట్రా ఇవి?"

నేనేదో జోకు మొదలుపెట్టాను. ఆవిడ విజిలు పట్టుకుంది. జోకు ఆపేశాను.

"ఈ భయం ఆగస్టు నుంచా?"

"ఆయ్."

"కొండ మీద కళ్ళు తిరగడం?"

"...తిరగలేదు."

"మరి చెప్పడానికేం?"

"నువ్వు గీత గురించి చెప్పేవు కదే. ఎలా చెప్పను. వేరేవాణ్ణి చూసుకో అక్కా, ఇంకా టైముంది."

ప్యాడ్లు అటూ ఇటూ తిప్పింది. "పేర్లిచ్చేసేను. అయినా నీకన్నా బరువైనోడు మన వంశంలో ఎవడున్నాడ్రా." అని, "రేపట్నించి ర్యాంపు దగ్గరికి రా. కింద నుంచి మొదలెడదాం."

చెప్పేశాక ఎంత ఆకలేసిందో! అక్కే పెసరట్టు పెట్టించింది. రెండోది కూడా. 

నవంబరు 23, ఆదివారం

పాస్టరుగారి ప్రసంగం భయం గురించి. అక్క నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

నవంబరు 26

ర్యాంపులో కింది పావు వంతు నుంచి.

"చక్రం కేసి చూడకు. పంటుని చూడు. ఎక్కడికెళ్ళాలో అక్కడే ఉండాలి కళ్ళు... నడుం వెనక్కి. ఇంకా. సిగ్గుపడకు, ఎవడూ చూట్టంలేదు" — పంటు నిండా జనం చూస్తున్నారు — "అలా పట్టుక్కూచోకు, కొబ్బరిచెట్టా అది? నొక్కు. వదులు. నొక్కు. వదులు."

దిగాను. ఆగింది. నేనే ఆపాను. పంటు మీద చప్పట్లు. పేరయ్య గారు హారన్ కొట్టారు.

పావు వంతు ర్యాంపు దిగినందుకు హారన్ కొట్టించుకున్న మనిషి ఈ జిల్లాలో ఇంకొకడుంటే చూపించండి.

నవంబరు 29, శనివారం

గట్టు నిండా వాడపల్లి గుడికి వెళ్ళే భక్తులు. ప్రాక్టీసు లేదు. ఓ కుటుంబంవాళ్ళు ఆపి పులిహోర దొన్నె చేతిలో పెట్టారు.

"సైకిలు మీద ఏడు శనివారాలు మొక్కేరాండీ? ఎంత భక్తండీ!"

మాది చర్చి అని చెప్పే లోపు రెండో దొన్నె. ఆయ్ అన్నాను. పులిహోరతో మతచర్చ పెట్టుకోవడం నా సంస్కారం కాదు.

డిసెంబరు 3

సగం నుంచి.

పేరయ్య గారు పంటు తాడు విప్పబోతూ ఆగారు. "ఇవాళెక్కణ్ణించండీ?"

"సగం నుంచండీ."

"కానివ్వండి. ఆగుతాం."

లంకలోకి వెళ్ళే పాల మామ్మ క్యాను మీద కూర్చుని — "పొద్దెక్కిపోతంది నాయనా, దిగేదేదో దిగు."

దిగాను, మామ్మా.

డిసెంబరు 6

గట్టు మీద ఎదురుగాలి. పదమూడో ఎక్కం మొత్తం! పదమూడు పదులు నూట ముప్పై దాకా, ఊపిరి మిగిలి, పధ్నాలుగోది కూడా ఎత్తుకున్నాను. బండి మీద వస్తున్నాయన ఆగి అడిగారు — "ఒంట్లో బానే ఉందాండీ?"

బ్రహ్మాండంగా ఉందండీ.

డిసెంబరు 8

ముప్పావు నుంచి దిగాను. పైనుంచి మాత్రం... రాలేదు. ఆగస్టులో జారింది సరిగ్గా ఆ పై వంపులోనే. చక్రం ఆ చోటుకొస్తే చాలు, వేళ్ళు వాటి పని అవి చేసేస్తున్నాయి.

ఐదు రోజులుంది. అక్క విజిలు మెడలోంచి తీసి జేబులో వేసుకుంది. సైకిలు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆవిడ విజిలు ఊదినా ఇంత గట్టిగా వినపడదు.

డిసెంబరు 11

ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టాను. అమ్మ నిచ్చెన పట్టుకుంది. దిగాక భుజం మీద చెయ్యేసి నొక్కి చూసింది.

"నొప్పుందా?"

"లేదే."

"అయితే వేళ్ళకేనన్నమాట రోగం."

అమ్మకి ఎవరు చెప్పారు? ఎవరైతేనేం. కొత్తపేటలో తెలియనివాడెవడు. కొండ దిగకపోతే ఇక్కడ తలెత్తుకుని తిరగలేననుకున్నాను. తీరా అందరికీ ముందే తెలుసు. అదీ ఒక ప్రశాంతతే.

కజ్జికాయలు డబ్బాలో సర్దుతూ అంది — "దిగేటప్పుడు ప్రార్థన చేసుకో. కళ్ళు మాత్రం మూసుకోకు."

డిసెంబరు 13, రెండో శనివారం

టైము పడింది!

టైము పడింది, టైము పడింది, టైము పడింది. మిగతాది రేపు.

డిసెంబరు 14, ఆదివారం

వరసగా రాస్తాను.

నన్ను పొద్దున్నే జీపులో కొండ నెత్తికి చేర్చారు. అక్క కింద నుంచి. కుర్రజంటల తాలూకు వీరులందరూ మొదట్లోనే లేచి నిలబడి తొక్కుకుపోయారట — కాలువ వంతెనలున్న ఊళ్ళు ఇంకా ఉన్నాయన్నమాట. అక్క మామూలే, బియ్యం ఏరుకుంటూ. సగం కొండ దాటాక వాళ్ళలో కొందరు ఆకాశాన్ని పరిశీలిస్తుంటే పక్కనుంచి వచ్చేసిందట. కానీ పైదాకా వచ్చేసరికి మోకాలు పట్టేసింది. చివరి మలుపులో నేను చూశాను. ఒక కాలితో తొక్కుతోంది. రెండో కాలు ఊరికే పెడలు మీద కూర్చుని వస్తోంది.

దిగింది. చెమట చేతులకి ఎర్రగుడ్డ ముడి పడలేదు. పళ్ళతో లాగి కట్టింది.

"ఎంతుంది?" అన్నాను.

వాచీ చూసుకుంది. ఎంతో చెప్పలేదు. "పోరా" అంది.

పోయాను.

ఆ తరవాతి భాగం ఇవాళ చర్చిలో సాక్ష్యంగా చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మలుపు మలుపుకీ ఒంటిని ఎలా వాల్చానో, బండరాళ్ళ మీంచి ఎలా దూకానో, ఇసుకలో వెనక చక్రాన్ని ఎలా తిప్పానో, సింహాల బోనులో ఉన్నవాడికి కూడా ఇంత నిబ్బరం ఉండదన్నట్టు వివరించాను. రెండో వరసలో ఒక పెద్దావిడ కళ్ళొత్తుకున్నారు. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు.

వాగు దగ్గర చివరి నుంచి రెండో జంట మాది. ఆఖరి జంటకి చైను తెగింది. గడువు ఇంకా మిగిలే ఉంది — ఎంతో అడక్కు, ఓ గ్లాసు టీ చల్లారేంత.

అక్క జీపు దిగి కుంటుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్ళింది. తన పేరు మీద వేలు పెట్టింది. వేలు పక్కకి జరిపింది. అంకెలున్నాయి. విజిలు తీసి ఊదింది — ఆట లేదు, పిల్లల్లేరు, వాగు ఒడ్డున ఊరికే, ఒక్కసారి. చుట్టూ ఉన్న కుర్రాళ్ళందరూ ఉలిక్కిపడి వరసలో నిలబడ్డారు.

ఇంకొకటి. నా సాక్ష్యం మధ్యలో మూడో వరసలోంచి పెద్దనాన్న లేచి బయటికి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందనుకున్నాను. చర్చి అయ్యాక చూస్తే గోడ పక్కన, ఇస్త్రీ పంచె పైకి మడిచి, అక్క సైకిలుకి గాలి కొడుతున్నారు. చక్రంలో గాలి నిండుగానే ఉంది. అయినా కొడుతున్నారు.

అక్క మెట్లు దిగి పక్కకొచ్చింది.

"చాలు నాన్నా. పేలిపోద్ది."

ఆయన చక్రాన్ని వేళ్ళతో నొక్కి చూసి, ఇంకో రెండు దెబ్బలు కొట్టి, అప్పుడు పంపు తీశారు.  మధ్యాహ్నం కోడికూరలో మంచి ముక్కలన్నీ అక్క పళ్ళెంలోకే వెళ్ళడం గమనించాను. కొండ దిగినవాడికి మెడ ముక్క మిగిలింది.

డిసెంబరు 16

ర్యాంపు పైన కూర్చుని రాస్తున్నాను. సైకిలు పక్కన గడ్డిలో పడుకుంది.

పావుగంట క్రితం పేరయ్య గారు కింద నుంచి కేకేశారు. "కొండే దిగేసేరు, ఇదెంతండీ మీకు! పైనించేనా ఇవాళ?"

"ఆయ్" అన్నాను.

పంటు ఆగింది. మామ్మ క్యాను మీద సర్దుకుని కూర్చుంది. నేను ఎక్కాను. పై వంపు కనపడింది. ఒండ్రు ఎప్పుడో ఎండిపోయింది, పైన గడ్డి కూడా మొలిచింది. బ్రేకు మీదకి వేళ్ళు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి, పాత చుట్టాల్లాగా.

"చైను సరిచూసుకోవాలండీ" అన్నాను. "ఆయ్, చూసుకోండి" అన్నారాయన. ఎంత మర్యాదస్తులండీ మా వాళ్ళు. చైనుకి ఏమీ కాలేదని పంటు మొత్తానికి తెలుసు. పాలు విరిగిపోతాయని మామ్మ గొడవచేస్తే ఇక పంటు బయల్దేరింది. ఇప్పుడు అవతలి ఒడ్డున జనాన్ని దింపుతున్నారు. కాసేపట్లో తిరిగి వస్తుంది.

ఈలోగా, కాగితం గారూ, ఒక్కటి చెప్పాలి. చర్చిలో చెప్పినవేవీ జరగలేదు. ఒంటిని వాల్చలేదు. ఏ రాయి మీంచీ దూకలేదు, రాళ్ళే నా మీంచి దూకాయి. మొదటి రెండు మలుపులూ బ్రేకు పట్టుకునే దిగాను, కాలిన వాసన వచ్చేదాకా. మూడో మలుపులో చక్రం జారింది, అచ్చం ఆగస్టులో లాగానే. చూడ్డానికి అక్కడ పంటు లేదు. ప్రార్థన గుర్తు రాలేదు. ఎక్కం గుర్తు రాలేదు. మణికట్టు మీద ఎర్రగుడ్డ కొస కొట్టుకుంటోంది, అక్క పంటి తడి ఇంకా ఆరలేదు.

ఆ కొండ మీద నేను నిజంగా చేసింది ఒకటే. వేళ్ళు రెండూ ఎత్తేశాను. మిగతాదంతా సైకిలే చూసుకుంది.